తాళం వేసిన ఇంట్లో చేపల ట్యాంకు

అక్వేరియం ఉన్న ఇంట్లో ఊరి ప్రయాణం అనుకోగానే ముందు తిండి ప్రస్తావన వస్తుంది. మనం లేనన్నాళ్ళూ వీటికి మేత ఎవరు వేస్తారు? షాపువాళ్ళు ఆటోమేటిక్ ఫీడర్ చూపిస్తారు, లేకపోతే నీళ్ళలో వారం పాటు కరుగుతూ ఉండే తెల్లబిళ్ళ చేతిలో పెడతారు. దాంతో బెంగ తీరిందనుకుని పెట్టెలు సర్దుకుంటాం. నిజానికి ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం రోజులు ఏమీ తినకపోయినా దానికేమీ కాదు. అదే గాలి పంపు ఆగిపోతే, చేపలు కిక్కిరిసిన ట్యాంకులో, మే నెల ఉక్కలో, ఒక్క రాత్రి గడవటం కష్టం. మేత గురించి పడే ఆరాటంలో పావు వంతు పంపు మీద పెట్టినా చాలా ట్యాంకులు బతికేవి.

పరికరాలు మనం ఊళ్ళో లేమని చూసి చెడిపోవు. ఇంట్లో ఉన్నప్పుడూ పంపు ఆగుతుంది, ఫిల్టర్ మొరాయిస్తుంది. అయితే అప్పుడు హాల్లోంచి వెళ్తూ చప్పుడు రావటం లేదేమిటని ఆగి చూస్తాం, ప్లగ్గు కదిపి సరిచేస్తాం. ఊరెళ్ళినప్పుడు మారేదల్లా, చెడిపోయాక ఎంతసేపటికి ఒక మనిషి చెయ్యి అక్కడ పడుతుందన్నదే. ఇంట్లో ఉంటే నిమిషాలు పడుతుంది, తిరుపతి వెళ్తే రోజో రెండు రోజులో, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తే నెలలు. అందుకే ఏ పరికరం గురించి ఆలోచించినా నేను ముందు దాని గడువు లెక్కవేస్తాను. ఇది ఆగితే చేపలు ఎన్ని గంటలు తట్టుకుంటాయి, ఆ లోపు ఎవరైనా రాగలరా అని. ఈ లెక్క వేయకుండా కొన్న స్మార్ట్ సామాను ఎంత ఖరీదైనదైనా పెద్దగా అక్కరకి రాదు.

గడువు అన్నిటికంటే తక్కువ ఆక్సిజన్‌కి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీలకి అది 7.5కి, 33 డిగ్రీలకి 7.2కి దిగుతుంది. తగ్గింది కొంచెమేగా అనిపిస్తుంది. కానీ నీళ్ళు వేడెక్కేకొద్దీ చేపకి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాని ఒంట్లో జరిగే చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. పైగా ఆ నీళ్ళలో ఆక్సిజన్ వాడుకునేవి చేపలు మాత్రమే కాదు. తినగా మిగిలిన మేత కుళ్ళుతూ వాడుకుంటుంది, రాత్రిపూట మొక్కలు వాడుకుంటాయి, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అయితే మరీ. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చటానికి వాటికి నాలుగున్నర గ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కావాలి.

బుడగలే నీళ్ళలో కరిగి ఆక్సిజన్ ఇస్తాయని చాలామంది అనుకుంటారు. అడుగు లోతు ట్యాంకులో బుడగ పైకి చేరటానికి పట్టే క్షణంలో కరిగేది చాలా తక్కువ. బుడగలు చేసే అసలు పని అడుగునున్న నీటిని పైకి తేవటం, పైపొరని కదిలించటం. గాలి మారేది ఆ పైపొర దగ్గరే. అందుకే పొడవుగా, సన్నగా నిలబడే ట్యాంకు, గుండ్రటి గాజు బౌలు కరెంటు పోయినప్పుడు ముందు ఇబ్బందిపడతాయి. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న ట్యాంకు మరికొన్ని గంటలు నిలదొక్కుకుంటుంది.

ఏ చేప ఎంతసేపు ఓర్చుకుంటుందన్నది జాతిని బట్టి ఉంటుంది. ఫైటర్, గౌరామి నీటి పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుదీ అదే దారి. గోల్డ్‌ఫిష్, కోయి, ఆస్కార్ వంటి వాటికి ఆ వెసులుబాటు లేదు. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే అమరిక ఏమిటంటే రెండడుగుల ట్యాంకులో ఐదారు పెద్ద గోల్డ్‌ఫిష్. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే నిండా పోసినా 56 లీటర్లు. గులకరాళ్ళు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45 మిగులుతాయి. ఆ నీళ్ళకి అన్ని గోల్డ్‌ఫిష్ ఎక్కువ. రోజూ పంపు తిరుగుతోంది కాబట్టి ఆ ఎక్కువ మనకి తెలియటం లేదు, అంతే.

ఈ సంగతి గోదావరి జిల్లాల చెరువు రైతులకి చెప్పనక్కర్లేదు. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు రొయ్యల చెరువుల మీద రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. చీకటి పడ్డాక నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేయటం మాని వాడుకోవటం మొదలుపెడుతుంది. తెల్లవారబోయే ముందు ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ వేళ కరెంటు పోతే ఆగటానికి వీల్లేదు కాబట్టి గట్టు మీద డీజిల్ జనరేటర్, దాన్ని తిప్పే మనిషి సిద్ధంగా ఉంటారు. నీటిలో ఆక్సిజన్ కొలిచే మీటర్లు, ఫోనుకి కబురు పంపే పరికరాలు ఆ తర్వాత వచ్చాయి. ముందు జనరేటర్, మనిషి, ఆ తర్వాతే కబురు. ఇంటి ట్యాంకుకీ ఈ వరుసే మంచిదని నా నమ్మకం. మనం తరచు కెమెరాతో మొదలుపెడతాం.

గాలి పంపు విప్పి చూస్తే లోపల పెద్ద యంత్రమేమీ ఉండదు. ఒక విద్యుదయస్కాంతం, దాని ఎదురుగా చిన్న అయస్కాంతం బిగించిన చెయ్యి, ఆ చేతి చివర నల్లటి రబ్బరు డయాఫ్రం. సెకనుకి 50 ఆవృత్తుల మన కరెంటుతో పాటు ఆ చెయ్యి ఊగుతూ రబ్బరుని నొక్కి వదులుతుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి, అంచున సన్నటి చీలిక పడుతుంది. ఇది ఒక్కసారిగా జరిగేది కాదు. బుడగలు పలచబడతాయి, చప్పుడు బొంగురుపోతుంది, పంపు వేడెక్కుతుంది. ట్యూబు చివర బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పాచిపట్టి మూసుకుపోతే రబ్బరు మీద ఒత్తిడి పెరిగి ఇంకా త్వరగా పోతుంది. ప్రయాణానికి వారం ముందు స్టోన్ మార్చి, పంపు మీద చెయ్యి వేసి, ఒక నిమిషం ఆ చప్పుడు వింటే సగం సంగతి తెలిసిపోతుంది.

పంపు ఎక్కడ పెట్టారన్నది మరీ ముఖ్యం. చాలా ఇళ్ళలో అది ట్యాంకు కింద, స్టాండు అరలో ఉంటుంది. కరెంటు పోగానే ట్యూబులో గాలి ఒత్తిడి తగ్గుతుంది, స్టోన్‌లోంచి నీళ్ళు ట్యూబులోకి ఎక్కుతాయి. అవి ట్యాంకు అంచు దాటి కిందికి దిగటం మొదలైతే సైఫన్ ఏర్పడి, ఇక ఆగకుండా కారతాయి. నీళ్ళు పంపులోకి, అక్కడినుంచి కింద ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి, నేల మీదికి. ఇంట్లో మనిషి ఉంటే గుడ్డ వేసి తుడిచేస్తాడు. తాళం వేసి ఉంటే ట్యాంకు సగం ఖాళీ అయి, బోర్డు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. దీనికి మందు కొద్ది రూపాయల నాన్ రిటర్న్ వాల్వ్. ట్యూబు మధ్యలో కోసి బిగిస్తే గాలి ఒకవైపే వెళ్తుంది, నీళ్ళు వెనక్కి రావు. తిరగేసి బిగిస్తే అసలు గాలే రాదు కాబట్టి ముందు నోటితో ఊది చూసుకోవాలి. వాల్వ్ కూడా ఏళ్ళ తరబడి ఉంటే గట్టిపడుతుంది. పంపుని నీటిమట్టం కంటే పైన గోడకి తగిలిస్తే ఈ గొడవే ఉండదు, నన్నడిగితే అదే మంచి పద్ధతి.

మన ఇళ్ళలో తరాలుగా వస్తున్న ఒక అలవాటు ఈ విషయంలో అడ్డొస్తుంది. ఊరెళ్ళేటప్పుడు గ్యాసు కట్టేసి, మెయిన్ ఆఫ్ చేసి, తలుపు తాళం రెండుసార్లు లాగి చూడటం. పెద్దవాళ్ళు నేర్పిన జాగ్రత్త అది, మంచిదే. కానీ అక్వేరియం ఉన్న ఇంట్లో మెయిన్ ఆపితే మొత్తం ఆగిపోతుంది. మనం ఆపకపోయినా, తాళం చెవి ఇచ్చి వచ్చిన పక్కింటివాళ్ళు వర్షానికి ఉరుములు ఉరుముతుంటే మన మంచికోరే వచ్చి ఆపేయవచ్చు. దీనికి సరైన పరిష్కారం ట్యాంకుకి, ఫ్రిజ్‌కి వేరే సర్క్యూట్ లాగించుకుని, దానికి సొంతంగా లీకేజీ పట్టే బ్రేకర్ పెట్టించుకోవటం. లేకపోతే ఇంకో చిక్కు ఉంది. ఇంటి మొత్తానికి ఉండే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, గీజర్‌లోనో మోటార్‌లోనో కొంచెం లీకేజీ ఉన్నా ట్రిప్ అవుతుంది. తాళం వేసిన ఇంట్లో దాన్ని పైకెత్తేవాళ్ళు ఉండరు. అలాగని ఆర్‌సీసీబీని తీయించేయకూడదు. నీళ్ళూ కరెంటూ పక్కపక్కనే ఉండే చోట మనిషి ప్రాణం కాపాడేది అదే. చేపల కోసం దాన్ని పక్కనపెట్టమని ఎవరు చెప్పినా వినొద్దు.

ఫిల్టర్ ఆగితే కలిగే నష్టం కొంచెం నెమ్మదిగా బయటపడుతుంది. ఫిల్టర్ అంటే చెత్త పట్టే జల్లెడ అని అనుకుంటాం గానీ దాని అసలు విలువ లోపల అంటుకుని ఉండే బ్యాక్టీరియాలో ఉంది. చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియాని అవి నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండు మెట్లకీ రెండు వేరువేరు బ్యాక్టీరియా కావాలని వందేళ్ళకి పైగా అనుకున్నారు. 1990ల చివర అక్వేరియంల మీద జరిగిన పరిశోధన, పాఠ్యపుస్తకాల్లో చెప్పే నైట్రోబాక్టర్ కంటే నైట్రోస్పైరా అనే జాతే నైట్రైటు పని చేస్తోందని చూపింది. 2015లో రెండు బృందాలు ఇంకో అడుగు ముందుకు వేసి, రెండు మెట్లనీ ఒక్కతే ఎక్కగల నైట్రోస్పైరాని కనుక్కున్నాయి. అందులో ఒక బృందానికి అది దొరికింది చేపల పెంపకం ఫిల్టర్‌లోనే. ఏ జాతైనా వాటికి కావలసింది మాత్రం మారదు, ఆక్సిజన్ ఉన్న నీళ్ళు ఆగకుండా పారుతూ ఉండాలి.

ఇక్కడే ఖరీదైన ఫిల్టర్ కంటే చవక ఫిల్టర్ మెరుగని తేలుతుంది. ట్యాంకు కింద పెట్టే క్యానిస్టర్ ఫిల్టర్ మూతపెట్టిన డబ్బా. పంపు ఆగిన కొన్ని గంటల్లో లోపలి నీళ్ళలో ఆక్సిజన్ అయిపోతుంది, బ్యాక్టీరియా చావటం మొదలవుతుంది, మురికి కుళ్ళి కోడిగుడ్డు కంపు కొట్టే వాయువు పుడుతుంది. పది, పన్నెండు గంటల తర్వాత కరెంటు తిరిగి వస్తే ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా ట్యాంకులోకి దూకుతాయి. కరెంటు పోయినప్పుడు బతికిన చేపలు, కరెంటు వచ్చాక చనిపోవటం దీనివల్లే. గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్‌కి ఈ బాధ చాలా తక్కువ. అది ట్యాంకులోనే విప్పారి కూర్చుంటుంది, నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నంతసేపూ దాని బ్యాక్టీరియా బతికే ఉంటుంది, గాలి రాగానే పని మొదలుపెడుతుంది. చూడటానికి అందంగా ఉండదు, నిజమే. తరచు ఊళ్ళు తిరిగే వాళ్ళ ట్యాంకులో మాత్రం మరే ఫిల్టర్ ఉన్నా పక్కన ఒక స్పాంజ్ ఉండి తీరాలి.

అమ్మోనియా ఎంత విషమన్నది నీటి స్వభావం మీద ఆధారపడుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అందులో విషపు వాటా దాదాపు పదింతలవుతుంది. బోరు నీళ్ళు పోసే ఇళ్ళలో పీహెచ్ సాధారణంగా ఎక్కువే ఉంటుంది కాబట్టి, ఒక చేప చనిపోయి రాళ్ళ వెనక కుళ్ళినా మిగతావాటికి ముప్పు పెరుగుతుంది.

కరెంటు పోవటం కంటే తిరిగి రావటంలోనే ఎక్కువ మోసం ఉంటుందని చెప్పాను కదా, పంపుల విషయంలోనూ అంతే. ఫిల్టర్ మోటార్‌లో తిరిగేది చిన్న అయస్కాంతపు రోటర్. ఏళ్ళు తిరుగుతూ ఉండగా దాని చుట్టూ జిగట, నీళ్ళలోని సున్నం పేరుకుంటాయి. తిరుగుతున్నంతసేపూ తిరుగుతుంది, ఒకసారి ఆగితే మళ్ళీ కదలదు. మూలుగుతూ వేడెక్కుతుంది తప్ప నీళ్ళు తోయదు. అంచుకి తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్లలో కొన్నిటికి నీటిమట్టం తగ్గితే మళ్ళీ నీళ్ళు అందుకోవటం చేతకాదు. అందుకే ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందు ఒక పరీక్ష చేసి తీరాలి. ట్యాంకుకి వెళ్ళే కరెంటు మొత్తం బోర్డు దగ్గరే ఆపి, పావుగంట తర్వాత వేసి, ఏమీ ముట్టుకోకుండా నిలబడి చూడండి. అన్నీ తమంతట తాము లేచాయా? ఏదైనా తట్టితే గానీ కదలలేదా? తట్టించుకున్నది ఊరెళ్ళాక లేవదు. రోటర్ తీసి కడిగితే చాలావరకు సరిపోతుంది. డయల్ టైమర్లు కరెంటు పోయినంతసేపూ ఆగి వెనకబడతాయని, రెండు మూడు కోతల తర్వాత లైటు అర్ధరాత్రి వెలుగుతుందని కూడా ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

హీటర్ మన ప్రాంతంలో అందరికీ అక్కర్లేదు. విజయవాడలో, కాకినాడలో దాని పని బహు కొద్ది. హైదరాబాద్, ఆదిలాబాద్ చలికి మాత్రం డిసెంబరు, జనవరిలో కావలసి వస్తుంది, సరిగ్గా సంక్రాంతికి ఊరెళ్ళే రోజుల్లో. హీటర్ పనిచేయకపోతే నీళ్ళు మెల్లగా చల్లబడతాయి, చేపలు మందగిస్తాయి, అదైనా కొంత వ్యవధి ఇస్తుంది. భయపడాల్సింది ఆగకుండా వెలుగుతూ ఉండిపోయే హీటర్ గురించి. సాధారణ హీటర్లలో వేడిని బట్టి వంగే లోహపు పట్టీ స్విచ్ పని చేస్తుంది. వేలసార్లు తగులుతూ విడిపోతూ ఉండగా ఆ కొసలు ఒకదానికొకటి అతుక్కుపోతే ఇక ఆరదు. 45 లీటర్ల నీళ్ళలో 100 వాట్ల హీటర్ అలా ఉండిపోతే, బయటికి పోయే వేడిని లెక్కించకపోతే, అరగంటకో డిగ్రీ చొప్పున పెంచుతుంది. పైకి పోయే వేడి వల్ల వేగం తగ్గినా తెల్లారేసరికి చేపలకి పనికిరాని వేడికి చేరుతుంది. 100 వాట్లది ఒకటి కాకుండా 50 వాట్లవి రెండు పెడితే ఒకటి అతుక్కుపోయినా అంత వేడి ఎక్కదు, ఒకటి చచ్చినా రెండోది ఆదుకుంటుంది. వాటిని వేరే ఉష్ణోగ్రత కంట్రోలర్ ద్వారా నడిపితే మరీ మంచిది. డిజిటల్ కంట్రోలర్ సెన్సర్ తీగ నీళ్ళలో ఉంచి, హీటర్ తన లెక్కలో తప్పినా కరెంటు తానే ఆపేస్తుంది. అక్వేరియం కోసం కొనే ఎలక్ట్రానిక్ సామానులో డబ్బుకి తగ్గ విలువ ఇచ్చేది ఇదేనని నా అభిప్రాయం.

మనకి అసలు సమస్య వేడి. రోజూ మనుషులు తిరుగుతూ, కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వేసే ఇల్లు ఒకలా ఉంటుంది. మే నెలలో అన్నీ మూసి తాళం వేసిన పైఅంతస్తు ఫ్లాటు ఇంకోలా ఉంటుంది. తెరలు దించి, ట్యాంకు లైటు పూర్తిగా ఆపి, నీటి పైన చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరయ్యే కొద్దీ నీళ్ళు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. కానీ అందుకు మూల్యం నీటిమట్టం. రెండడుగుల ట్యాంకులో సెంటీమీటరు తగ్గిందంటే దాదాపు 1.9 లీటర్లు ఆవిరైనట్టు. మట్టం హీటర్ కంటే కిందికి పోతే దాని గాజు పగులుతుంది, మోటార్ కంటే కిందికి పోతే మోటార్ కాలుతుంది. కాబట్టి వేసవిలో పది రోజులకి మించి వెళ్ళేవాళ్ళు నీళ్ళు పోసే మనిషిని చూసుకోకుండా ఫ్యాను మీద ఆధారపడకూడదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళది దీనికి విరుద్ధమైన కష్టం. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫానుకి 45 లక్షల పైచిలుకు ఇళ్ళకి, వ్యాపారాలకి కరెంటు పోయినప్పుడు, అక్కడి ట్యాంకులకి ఊపిరి కంటే ముందు చలి ముప్పు. అలాంటప్పుడు నాలుగు వైపులా దుప్పట్లు చుట్టి, పైన మూత పెట్టి, వేడినీళ్ళు నింపిన సీసాలు వేలాడదీయటమే తోవ.

బ్యాకప్ కరెంటు గురించి మాట్లాడేటప్పుడు వాట్ల లెక్క తెలిస్తే చాలా సందేహాలు తీరతాయి. గాలి పంపు మూడు నుంచి ఐదు వాట్లు, లోపల మునిగి ఉండే ఫిల్టర్ పదిహేను, ఇరవై. హీటర్ వంద. 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలో లెక్క ప్రకారం 1,800 వాట్ అవర్లు ఉంటాయి, అందులో వాడుకోగలిగేది కొంత తక్కువ. ఇన్వర్టర్ తన సొంతానికే పది, ఇరవై వాట్లు తింటుంది. అయినా ఒక్క గాలి పంపు మాత్రమే నడిస్తే రెండు రోజులకి దరిదాపుల్లో లాగుతుంది. ఊరెళ్ళే ముందు ఇన్వర్టర్ లైన్ మీద ఉన్న ఫ్యాన్లు, లైట్లు, టీవీ స్టాండ్‌బై అన్నీ ఆపి, పంపు ఒక్కటే మిగల్చాలి. హీటర్ ఆ లైను మీద ఉండకూడదు. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద పంపులు గుర్రుమంటూ వేడెక్కుతాయి, సైన్ వేవ్ అయితే ఆ బాధ లేదు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూసుకోవటం అందరూ మరిచిపోయే పని.

ఇన్వర్టర్ లేనివాళ్ళకి కరెంటు పోగానే తనంతట తాను మొదలయ్యే రీఛార్జబుల్ గాలి పంపులు దొరుకుతున్నాయి. గోడ ప్లగ్గుకి ఎప్పుడూ తగిలించి ఉంచేవి కొనాలి. యూఎస్‌బీ పంపుని పవర్ బ్యాంకుకి తగిలించి వెళ్ళటం మాత్రం నమ్మదగ్గ ఏర్పాటు కాదు. అంత తక్కువ కరెంటు లాగుతుంటే ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి ఆగిపోతాయి. అపార్ట్‌మెంట్లలో జనరేటర్ ఉంటే ప్రతి ఫ్లాటులో దానికి కలిపిన పాయింట్లు రెండో మూడో ఉంటాయి. ఏ ప్లగ్గు ఆ లైనుదో ఎలక్ట్రీషియన్‌ని అడిగి ట్యాంకుని అక్కడికి మార్చుకుంటే పైసా ఖర్చులేని బ్యాకప్. వీటిలో ఏదీ చాలని రోజులూ ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక విశాఖలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి సందర్భానికి పరికరాల దగ్గర సమాధానం లేదు, ట్యాంకులో చేపలు తక్కువ ఉండటం, పక్కన మనిషి ఉండటం తప్ప.

ఇక ఫోనులో చూసుకునే పద్ధతులు. స్మార్ట్ ప్లగ్గు, వైఫై కెమెరా, ఉష్ణోగ్రత సెన్సర్, తలో వెయ్యికో రెండువేలకో వస్తున్నాయి. ఇవి వద్దనను. కానీ వీటి బలహీనత తెలిసి వాడాలి. కరెంటు పోతే రౌటర్ పోతుంది, రౌటర్‌తో పాటే కబురు చెప్పాల్సినవన్నీ మూగబోతాయి. రౌటర్‌కి చిన్న బ్యాటరీ పెడితే కొన్ని గంటలు నిలుస్తుంది. నెట్ ప్యాక్ గడువు మనం ఊళ్ళో లేని వారంలోనే తీరిపోవటం మామూలే. ఫోను బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ యాప్‌ని నిద్రపుచ్చితే హెచ్చరిక రాదు. స్మార్ట్ ప్లగ్గులో ఒక సెట్టింగ్ ప్రత్యేకంగా చూడాలి, కరెంటు పోయి వచ్చాక అది ఆన్‌లో ఉంటుందా ఆఫ్‌లోనా అని. ఆఫ్ అని ఉంటే రెండు నిమిషాల కోత కూడా పంపుని శాశ్వతంగా ఆపేస్తుంది. నా సలహా, గాలి పంపుకి స్మార్ట్ ప్లగ్గు అసలు పెట్టొద్దు, నేరుగా గోడకి తగిలించండి. లైటుకి, కావాలంటే ఫ్యానుకి పెట్టుకోండి.

మన రైతులు పొలం మోటార్లకి సిమ్ కార్డు వేసిన మొబైల్ స్టార్టర్లు ఏళ్ళుగా వాడుతున్నారు. కరెంటు వచ్చిందా, మోటార్ తిరుగుతోందా అని ఫోనుకి చెప్పే పెట్టెలు. వైఫైతో పనిలేదు. అలాంటి సిమ్ అలారం, లోపల బ్యాటరీ ఉన్నది, ఇంటికీ దొరుకుతుంది. కరెంటు పోయిందని మెసేజ్ పంపటమే దాని పని, కానీ వైఫై యాప్‌ల కంటే అదే నమ్మకంగా పంపుతుంది.

కబురు అందాక ఏం చేస్తామన్నదే తేలాల్సిన సంగతి. రైల్లో కూర్చుని కెమెరాలో చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే చూడటం కంటే నరకం లేదు. తాళం చెవి ఉన్న మనిషి లేకపోతే కెమెరా చేసేది అదొక్కటే. కాబట్టి ఆ మనిషిని ఎంచుకోవటం, తయారుచేయటం పరికరాలన్నిటికంటే పెద్ద పని. ఊరెళ్ళే ముందురోజు పక్కింటివాళ్ళని పిలిచి కాఫీ ఇచ్చి, ఐదు నిమిషాలు ట్యాంకు ముందు నిలబెట్టి చూపించాలి. ప్రతి ప్లగ్గుకీ రంగు టేపు చుట్టాలి. ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ పీకాలని మొదటి మాటగా చెప్పాలి. ఇది చేపల కోసం కాదు, మనకి సాయం వచ్చిన మనిషి కోసం.

అలా చేస్తే ఫోనులో మాట్లాడటం ఎంత తేలికవుతుందో చూడండి.

"ఆంటీ, ముందు ఎర్ర టేపుది, పసుపు టేపుది రెండూ పీకేయండి. పీకారా?"

"పీకానమ్మా. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి."

"కంగారుపడకండి. మగ్గు తీసుకుని ఆ ట్యాంకు నీళ్ళే ముంచి, జానెడు పైనుంచి మళ్ళీ అందులోనే పోస్తూ ఉండండి. పది నిమిషాలు. కుళాయి నీళ్ళు మాత్రం పోయొద్దు."

అంతే. నీటి పైపొర కదిలి గాలి కలుస్తుంది, చేపలు మెల్లగా కిందికి దిగుతాయి, ఈలోగా పంపు సంగతి తేల్చుకోవచ్చు. కుళాయి నీళ్ళు ఎందుకొద్దంటే మున్సిపల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. మట్టం తగ్గితే పోయటానికి రెండు బకెట్ల నీళ్ళు ముందే పట్టి, యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపి, మూతపెట్టి పక్కన ఉంచాలి.

మేత విషయం ఇప్పుడు చెప్పుకోవచ్చు, క్లుప్తంగా. వారం లోపైతే అసలు వేయక్కర్లేదు. పిల్ల చేపలున్నా, ఎక్కువ రోజులైనా, రోజుకో పొట్లం కట్టి ఇచ్చి డబ్బా దాచేయండి. ప్రేమతో ఎక్కువ వేయటం వల్ల చచ్చే చేపలే ఎక్కువ. ఫీడర్ పెడితే ట్యాంకు ఆవిరికి మేత ముద్దకట్టకుండా గాలి తగిలేచోట బిగించి, ఇంట్లో ఉండగానే వారం నడిపి చూడాలి. వారం బిళ్ళలు నేను సిఫారసు చేయను. తినని భాగమంతా నీళ్ళలోనే కుళ్ళుతుంది.

ప్రయాణం ముందురోజు ట్యాంకుని నిగనిగలాడేలా కడిగేయాలన్న ఉత్సాహం కూడా ఆపుకోవాలి. ఫిల్టర్ స్పాంజ్‌ని కుళాయి కింద పిండితే బ్యాక్టీరియా పోయి, మనం లేని వారంలో అమ్మోనియా పెరుగుతుంది. నీళ్ళు మార్చేదేదో మూడు నాలుగు రోజుల ముందు మార్చి, కొత్త చేపల్ని ఆ నెలంతా తేకుండా ఉంటే మంచిది. మొక్కలున్న ట్యాంకులో సిలిండర్‌తో సీఓటూ ఇచ్చేవాళ్ళు వాల్వ్ పూర్తిగా కట్టేసి వెళ్ళాలి. అది తెరుచుకుని ఉండిపోతే గంటల్లో చేపలన్నీ పోతాయి, సీఓటూ అందకపోతే మొక్కలు కాస్త వాడిపోతాయంతే.

ఆరు నెలలకి పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు పరికరాల ఏర్పాట్లు ఆలోచించటం దండగ. చేపల్ని తెలిసినవాళ్ళ ట్యాంకులోకి మార్చటమో, షాపులో తిరిగి ఇచ్చేయటమో మంచిది. రెండు మూడు వారాలు వెళ్ళేవాళ్ళకి మాత్రం ఇంకో దారి ఉంది, అదేమీ కొత్తది కాదు. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రెండు చిన్న గోల్డ్‌ఫిష్, వాలిస్నేరియా మొక్కలు, నత్తలు పెట్టిన పాత్రలో నీళ్ళు మార్చకుండా జీవులు ఎలా నిలిచాయో ప్రకటించాడు. అప్పటికి కరెంటు పంపు లేదు, ఫిల్టర్ లేదు. మూడేళ్ళకి లండన్ జంతుప్రదర్శనశాలలో మొదటి బహిరంగ అక్వేరియం తెరిచారు. వాలిస్నేరియా మన చెరువుల్లోనూ పెరిగే మొక్కే. రెండడుగుల ట్యాంకులో దట్టంగా మొక్కలు, పది గప్పీలో ఒక ఫైటరో మాత్రమే ఉంచితే, పంపు ఆగిన రాత్రి కూడా పొద్దున్నదాకా ఆగగలదు. చేపలు తగ్గించటం ఎవరికీ నచ్చదని తెలుసు. కానీ ఊళ్ళు తిరిగే ఇంట్లో ఇన్వర్టర్ కంటే ఎక్కువ గంటలు ఇచ్చేది అదే.

తిరిగొచ్చాక కూడా తొందరపడకండి. ముందు అన్ని పరికరాలూ తిరుగుతున్నాయా అని చూసి, చేపల్ని లెక్కపెట్టి, కనిపించనిదాన్ని రాళ్ళ వెనక వెతకండి. క్యానిస్టర్ ఆగి ఉంటే స్విచ్ వేయొద్దు. పైపులు విప్పి, లోపలి నీళ్ళు సింకులో పారబోసి, బ్యాక్టీరియా అంటుకుని ఉండే ఫిల్టర్ మీడియాని ట్యాంకు నీళ్ళతో జాడించి, అప్పుడు బిగించండి. సగం నీళ్ళు ఒకేసారి మార్చకుండా పావు వంతు మార్చి, మేత మొదటిరోజు చిటికెడే వేసి, రెండో రోజు అమ్మోనియా కిట్‌తో పరీక్షించి చూడండి. హీటర్ స్విచ్ వేసేది నీటిమట్టం సరిచేశాకే.